ఒక పోలీసు కుటుంబము – మూడు రాష్ట్రములు

బెంగుళూరు నగరమున స్థిరపడిన తెలుగువారము ఉగాదినాడు కలిసికొన్నపుడు సాధారణముగ ముచ్చటించుకొనునవి మూడు సంగతులు: పిల్లలకు తెలుగు వ్రాయుట రాకపోవుట, స్వగ్రామమందలి పొలమును ఎవరు చూచుచున్నారను ప్రశ్న, పూర్వపు బెంగుళూరు చల్లదనము. ఈ సంచికకు వ్యాసము కావలెనని మిత్రులు కోరినపుడు మేము పోలీసు శాఖల ఏకీకరణమును గూర్చి వ్రాయుదుమంటిమి. వారు కొంచెము నవ్వి, "సాంస్కృతిక సంచికలో పోలీసులకేమి పని?" యని యడిగిరి. మా యింటి అన్నము ముప్పదిమూడేండ్లు ఆ శాఖనుండియే వచ్చినదని చెప్పితిమి. అదియొక్కటియే కారణము కాదు. పరభాషా ప్రాంతమున నివసించు కుటుంబమునకు ప్రభుత్వ మనగా నెట్టిదో మొదట తెలిసివచ్చునది పోలీసు స్టేషను గుమ్మమునొద్దనే. అచ్చట మన మాట విన్నవారున్నచో మనము ఈ ఊరివారము; లేనిచో ఎన్నితరములు గడచినను వలసవచ్చినవారమే.

మన నగరమే యొకప్పుడు రెండు నగరములు. 1809లో ఆంగ్లేయులు హలసూరు ప్రాంతమున తమ దండును నెలకొల్పిరి. 1881లో మైసూరు రాజ్యమును ఒడయరులకు మరల అప్పగించినపుడు దండును మాత్రము తమయొద్దనే యుంచుకొనిరి. అది సివిల్ అండ్ మిలిటరీ స్టేషను అను పేర రెసిడెంటుగారి యధికారమున నుండెను. చిక్కపేట, బళేపేట, నగర్తపేటలతో గూడిన పాత ఊరు మహారాజావారిది. కబ్బన్ పార్కునకు ఈవల ఒక చట్టము, ఆవల మరియొకటి. ఈవల ఒక పోలీసు, ఆవల మరియొక పోలీసు. పేటలో జేబు కత్తిరించినవాడు దండు చేరుకొన్నచో వానిని తెప్పించుటకు రెండు ప్రభుత్వముల నడుమ కాగితములు నడువవలసినదే. 1947లో, స్వాతంత్ర్యమునకు కొలదికాలము ముందు, దండు మైసూరునకు తిరిగివచ్చెను. 1949లో రెండు మునిసిపాలిటీలు కలిసి ఒక కార్పొరేషను అయ్యెను. ఒకే ఊరిని ఒకే ఊరుగ చేయుటకే ఇంత పట్టినపుడు, ఐదు ప్రాంతములను కలిపి ఒక రాష్ట్రముగ చేయుట యెంతటి పనియో పాఠకులు ఊహింపగలరు. ఆ పని మా యింటిలో నెట్లు జరిగినదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మేము పుట్టినది బళ్ళారిలో. మా నాయనగారు 1940లో మద్రాసు రాష్ట్రపు పోలీసు శాఖలో కానిస్టేబులుగ చేరిరి. ఆయన అన్నగారు, అనగా మా పెదనాయనగారు, అంతకు రెండేండ్ల ముందే చేరి ఆదవానిలో పనిచేయుచుండిరి. నాడు ఆదవానియు బళ్ళారి జిల్లాలోనిదే. అన్నదమ్ములిద్దరికి ఒకే జిల్లా, ఒకే సూపరింటెండెంటు, ఒకే జీతము. నెలకొకమారు ఎవరో ఒకరు రైలెక్కి రెండవవారి యింటికి వచ్చుట వాడుక.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. బళ్ళారి తాలూకా ఎవరికి చెందవలెనను వివాదము తీవ్రముగ సాగి, హైదరాబాదు ప్రధాన న్యాయమూర్తి మిశ్రాగారి విచారణము తరువాత, జిల్లాలోని తక్కిన తాలూకాలతోపాటు మైసూరునకు చెందినది. మేమపుడు ఎనిమిదేండ్ల వారము. పెద్దల సభలు, ఊరేగింపులు మాకంతగ జ్ఞాపకము లేవు. ఆనాటి యుదయము మా అవ్వ వసారాలో కూర్చుండి నాయనగారి నడిగిన మాట మాత్రము మరువలేదు.

"ఏమిరా నాయనా, రాత్రి పండుకొనేటప్పుడు మద్రాసు పోలీసువి. తెల్లారేసరికి మైసూరు పోలీసువి అయితివంట. మరి మీ యన్న?"

"అన్న ఆంధ్రా పోలీసమ్మా. ఆయనకు పై కచేరీ కర్నూలు, నాకు బెంగుళూరు."

"ఇద్దరూ కదలకుండా కూర్చున్నచోటనే ఇంత దూరమైపోతిరా!"

నాయనగారు నవ్వుచు, మద్రాసునకును మైసూరునకును మొదటి యక్షర మొక్కటే గనుక తనకు పెద్ద మార్పేమియు కాలేదనిరి. అవ్వ నవ్వలేదు. ఆమె యన్నమాటలోని నిజము మాకు పది దినములలోనే తెలిసినది.

ఆలూరు ప్రాంతపు రైతొకడు పెదనాయనగారి చీటి పట్టుకొని మా యింటికి వచ్చెను. అతని యెద్దుల జత దొంగిలింపబడినది. బళ్ళారి సంతలో అమ్మినారని వదంతి. నల్లరేగడి నేలలో హింగారి విత్తనపు కాలమది. పదును పోయినచో ఆ యేటికి పంట లేదు. అంతకు నెలరోజుల ముందైనచో ఆలూరు స్టేషనునుండి బళ్ళారి స్టేషనునకు ఒక చీటితో పని జరిగెడిది. ఇపుడు నడుమ రాష్ట్రపు సరిహద్దు వచ్చినది. చట్టము దారి మూసినదని చెప్పరాదు. నేరస్థుని వెంటబడి దేశమున ఎచ్చటికైనను పోవుటకు 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడే పోలీసులకు అధికారమిచ్చియుండెను. దారి మూసినది భయము. క్రొత్త పై యధికారి యేమనునో, ఎవరి యనుమతి కావలెనో, ఏ భాషలో వ్రాయవలెనో ఎవరికిని తెలియదు. తెలియనప్పుడు కాగితమును పైకి పంపుట క్షేమము. కాగితము పైకి పోయినది. ఎద్దులు క్రిందనే యున్నవి.

నాయనగారు తమ సెలవుదినమున ఆ రైతును వెంటబెట్టుకొని సంతయంతయు తిరిగిరి. ఒక దళారి కొట్టమున, తొడమీది వాతనుబట్టి, రైతు తన యెద్దు నొకదానిని గుర్తించెను. వెంటనే ఇన్స్పెక్టరుగారికి తెలిపి, పద్ధతి ప్రకారము స్వాధీనము చేయించిరి. రెండవ యెద్దు దొరకలేదు. ఒంటి యెద్దుతో సేద్యము సాగదు గనుక ఆ రైతు బాడుగకు మరియొక యెద్దును తెచ్చి ఆలస్యముగ విత్తుకొనెనని పెదనాయనగారు తరువాత వ్రాసిరి. ప్రభుత్వముల నడుమ తెగిన త్రాడును అన్నదమ్ముల ఉత్తరము ముడివేసినది. కాని ప్రతి రైతునకును రెండు స్టేషనులలో అన్నదమ్ములుండరు గదా! ఏర్పాటులో లేని సౌకర్యమును బంధుత్వము తీర్చిన చోట ఆ మేలు కొందరికే దక్కును.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు మైసూరు మరల పెరిగినది. బొంబాయి రాష్ట్రమునుండి బెళగాము, ధారవాడ, బిజాపురము, ఉత్తర కన్నడము, హైదరాబాదునుండి గుల్బర్గా, రాయచూరు, బీదరు ప్రాంతములు, మద్రాసునుండి దక్షిణ కన్నడము, కొళ్ళేగాలము; వేరుగ కొడగు. ఇవన్నియు పాత మైసూరుతో కలిసినవి. వీనితోపాటు ఆయా ప్రాంతముల పోలీసులును వచ్చిరి. ఐదిండ్ల కోడండ్రు ఒకే వంటయింట చేరినట్లయినది. ఒకరికి పొయ్యి ఇటు ఉండవలెను, మరియొకరికి అటు. నిజాము ప్రాంతపు పాత దస్తరములు ఉర్దూలో, ఫసలీ సంవత్సరములతో నుండెను. బొంబాయి ప్రాంతమువారి యలవాట్లు వేరు. హెడ్ కానిస్టేబులును మా తెలుగువారు హెడ్డుగారని పిలిచినచో ఇచ్చటివారు దఫేదారని పిలిచెదరు. జీతములు వేరు, పదోన్నతి నియమములు వేరు.

అన్నిటికంటె విచిత్రమైనది చట్టముల సంగతి. పాత మైసూరులో 1908 నాటి మైసూరు పోలీసు చట్టము. హుబ్బళ్ళిలో 1951 నాటి బొంబాయి చట్టము. మంగళూరులో 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టము. గుల్బర్గాలో 1329 ఫసలీ నాటి హైదరాబాదు చట్టము. పోలీసు లందరును ఒకే ఇన్స్పెక్టరు జనరలు క్రింద నుండియు, కొన్ని యేండ్లు వేర్వేరు చట్టముల ననుసరించిరి. 1963లో రాష్ట్రమంతటికి ఒకే మైసూరు పోలీసు చట్టము చేయబడి 1965లో అమలునకు వచ్చినది. మనుష్యులను ఒక్క రాత్రిలో కలుపవచ్చును. వారు నడుచుకొను నియమములను కలుపుటకు దాదాపు తొమ్మిదేండ్లు పట్టినది. ఈ లెక్కను ఏకీకరణమును గూర్చి మాటలాడు వారందరును జ్ఞాపకముంచుకొనదగును.

ఉద్యోగుల హక్కులను కాపాడుటకు పునర్విభజన చట్టమున 115వ సెక్షను ఉండెను. కేంద్రప్రభుత్వపు ముందస్తు సమ్మతి లేనిదే ఎవరి సేవానిబంధనలను వారికి నష్టము కలుగునట్లు మార్చరాదని అందున్న భావము. అయినను ఎవరు ముందు, ఎవరు వెనుక యను జాబితాలు బయలుదేరినతోడనే తగవులు పుట్టినవి. అన్ని శాఖలనుండియు వ్యాజ్యములు హైకోర్టునకు, సుప్రీముకోర్టునకు పోయినవి. మా నాయనగారి పేరును ఒక జాబితాలో ఆయన తరువాత చేరిన కొందరి క్రిందికి పోయినది. ఆయన వినతిపత్రము వ్రాసుకొనిరి. ఆ కార్యాలయమునుండి ప్రత్యుత్తరము వచ్చుసరికి మా చెల్లెలు పుట్టి బడికి పోవుచుండెను. పాత సేవా పుస్తకమును మద్రాసునుండి తెప్పించవలసియున్నదని యందు వ్రాసియుండిరి.

1963లో బెంగుళూరు నగరమునకు పోలీసు కమిషనరు పదవి ఏర్పడినది. తొలి కమిషనరు చాండీగారు. అంతకు పూర్వము జిల్లాలలోవలెనే ఇచ్చటను శాంతిభద్రతల ఉత్తరువులు, లైసెన్సులు మొదలగు అధికారములు మేజిస్ట్రేటు చేతిలోనివి; కమిషనరు వచ్చిన తరువాత వానిలో ముఖ్యమైనవి ఆయనకు సంక్రమించినవి. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములకు ఇట్టి యేర్పాటు పందొమ్మిదవ శతాబ్దినుండియు నున్నది. హైదరాబాదునకు కొత్వాలు ఉండెను. 1920 నుండి 1934 వరకు ఆ పదవి నలంకరించిన రాజాబహద్దూరు వెంకటరామారెడ్డిగారు తెలుగువారగుట మనకందరికి గర్వకారణము. అపరాధులను శిక్షించినందుకంటె విద్యార్థులకు రెడ్డి హాస్టలును నెలకొల్పినందుకే తెలుగుజాతి ఆయనను ఎక్కువగ స్మరించుచున్నది.

ఆ కాలముననే మా నాయనగారు మా చదువులకై బెంగుళూరునకు బదిలీ కోరుకొనిరి. తనంత తాను కోరుకొన్న బదిలీకి ఒక వెలయున్నది: క్రొత్తచోట జాబితాలో అందరికంటె చివర నిలువవలెను. పదోన్నతికై పదేండ్లుగ వ్రాసిన వినతిపత్రములన్నియు దానితో వ్యర్థమగును. "ఇంత కష్టపడి అడిగినదానిని మీరే వదులుకొంటారా?" యని మా అమ్మ అడిగినది. "నేనొక మెట్టు దిగితే పిల్లలు నాలుగు మెట్లు ఎక్కుతారు" అని ఆయన సంతకము చేసిరి. ఆ మాట విలువ మాకపుడు తెలియలేదు. మేము కళాశాలకు పోవుటకు ఎవరి నక్షత్రము భుజమెక్కక నిలిచిపోయినదో పెద్దవారమైన తరువాత తెలిసినది.

బెంగుళూరులో ఆయనకు స్టేషను రైటరు పని యిచ్చిరి. బళ్ళారివారగుటచే కన్నడము బాగుగ వచ్చును. అయినను తొందరలో వ్రాయునపుడు కన్నడ యక్షరములకు తెలుగు తలకట్టు పడుచుండెను. ఒక ఇన్స్పెక్టరుగారు కాగితమును అటునిటు త్రిప్పిచూచి, "ఇది ఏ రాష్ట్రమయ్యా?" యని పరిహాసమాడెడివారట. కన్నడమును అధికారభాషగ చేసిన చట్టమును 1963లోనే వచ్చినది. అది న్యాయమే. ఈ నేల భాష ఈ నేల కచేరీలో నడువవలెను. ఈ విషయమున మాకు ఎన్నడును ఫిర్యాదు లేదు. నాయనగారి యెదుట ఉండినది వేరు ప్రశ్న: కన్నడము రానివాడు ఆ గుమ్మమెక్కినపుడు వాని మాట కాగితముమీదికి సరిగ చేరుచున్నదా?

ఒక సాయంకాలము జరిగిన దానిని ఆయన రాత్రి భోజనము ముట్టక అమ్మతో చెప్పిరి. మేము ప్రక్కగదిలో వింటిమి. కట్టుచున్న మేడపైనుండి పడి ఒక కూలీ చనిపోయెను. పాలమూరు ప్రాంతమువాడు. అతని భార్య చంటిబిడ్డతో స్టేషనునకు వచ్చినది. ఆమెవెంట వచ్చిన మేస్త్రీ మనిషి, వాంగ్మూలమును కన్నడములో ముందే వ్రాయించి తెచ్చి, ఆమె వేలిముద్ర పడినచో చాలుననెను. ఆమె చేయి చాచినది. నాయనగారు ఆ చేతినాపి కాగితమును తెలుగులో చదివి వినిపించిరి. "నా భర్త త్రాగిన మైకములో కాలుజారి" యను చోటికి వచ్చుసరికి ఆమె చేయి వెనుకకు తీసికొని, "మా ఆయన తాగడు సామీ. తాడు తెగింది. పొద్దున్నే చెప్పినాడు, తాడు పాతదని" అన్నది. నాయనగారు ఆ కాగితము నటుంచి, ఆమె చెప్పినది చెప్పినట్లుగ మరల వ్రాసి, మరల చదివి వినిపించి, అపుడు వేలిముద్ర తీసికొనిరి.

అందులకై ఆయనకు ప్రశంసాపత్రము రాలేదు. తరువాత కేసు ఏమైనదో మాకు తెలియదు. ఆయన ఆ రాత్రి అమ్మతో అన్న మాట యిది: "చదివి వినిపించవలెనని కోడులోనే ఉన్నది. ఏ భాషలోనని లేదు. ఆ ఖాళీలో మనిషి నిలబడాలి." తెలుపబడిన నేరసమాచారమును వ్రాసికొని, చెప్పినవారికి చదివి వినిపింపవలెనను నియమము పాత కోడు 154వ సెక్షనులో నుండెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షనుగ అది నిలిచియున్నది. కోడులు మారినను ఆ వాక్యము మారలేదు.

నాయనగారు 1973లో పదవీ విరమణ చేసిరి. ఆ సంవత్సరముననే నవంబరు 1న మైసూరు రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. మద్రాసులో చేరి, మైసూరులో పనిచేసి, కర్ణాటకమున పింఛను తీసికొనిన ఆయన, చేరినది కానిస్టేబులుగ, విరమించినది దఫేదారుగ. పెదనాయనగారు ఆంధ్రరాష్ట్రమున నుండి, 1956 తరువాత ఆంధ్రప్రదేశమునకు చెంది, హెడ్డుగారుగ విరమించిరి. ఇద్దరు అన్నదమ్ములు, మూడేసి ప్రభుత్వములు!

పోలీసు దళములను కలుపుట మేలా, విడదీయుట మేలా యను చర్చ మనదేశమునకే పరిమితము కాదు. స్కాట్లండులో ఎనిమిది దళములను 2013 ఏప్రిలు 1న ఒక్కటిగ చేసిరి. లండనులో పాత నగరభాగపు పోలీసు మహానగర పోలీసునుండి నేటికిని వేరుగనే యున్నది. ఇరుపక్షములవారికిని కారణములు కలవు. పెద్ద దళమునకు నిపుణులు, పరికరములు, ఒకే లెక్క, ఒకే పద్ధతి సమకూరును. చిన్నదానికి వీథి పేరు, ఇంటివారి పేరు తెలియును. మన తెలుగువారు 1956లో కలియుటను, 2014 జూన్ 2న విడిపోవుటను రెంటిని చూచిరి. ఆ విభజన చట్టమున హైదరాబాదులోని గ్రేహౌండ్సు శిక్షణకేంద్రము మూడేండ్లు ఉమ్మడిగ నుండవలెననియు, ఉమ్మడి రాజధానిలో నివసించువారి ప్రాణ రక్షణ విషయమున గవర్నరునకు ప్రత్యేక బాధ్యత కలదనియు వ్రాసిరి. స్థిరపడినవారి మనస్సులోని భయమును చట్టము గుర్తించిన సందర్భమది. బెంగుళూరున మనకట్టి సెక్షను లేదు, కోరినవారమును కాము. మనకు మన యిరుగుపొరుగువారి మంచితనము, స్టేషనులోని రైటరు మనస్సాక్షి యాధారములు.

ధర్మవీరగారి అధ్యక్షతన 1977లో నియమింపబడిన జాతీయ పోలీసు కమిషను ఎనిమిది నివేదికల నిచ్చినది. 2006లో ప్రకాశ్ సింగు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ముఖ్యమైన పదవులలోని అధికారులకు నిర్ణీత కాలపరిమితి యుండవలెననియు, దర్యాప్తును శాంతిభద్రతల పనినుండి వేరుచేయవలెననియు, ఫిర్యాదులు వినుటకు ప్రాధికారములుండవలెననియు ఆదేశించినది. ఇవన్నియు పైనుండి జరుగవలసిన సంస్కరణములు. వానిని మేము తక్కువ చేయము. తాడు పాతదని చెప్పిన మాట కాగితముమీద తాడుగనే నిలుచుట క్రిందనుండి జరుగవలసినది. రెండును కలిసినపుడే ఏకీకరణము పూర్తియగును.

గతసంవత్సరము మాకే స్టేషనుతో పని పడినది. ఫోనులో ఎవరో మాయమాటలు చెప్పి మా పింఛను సొమ్ములో కొంత లాగుకొనిరి. ఎనుబదియేండ్ల వయస్సున సిగ్గుపడుచు గుమ్మమెక్కితిమి. బల్లమీద కాగితము లేదు, కంప్యూటరున్నది. వ్రాసికొనిన యువకుడు ఉత్తర కర్ణాటకమువాడు. మేము కన్నడముననే చెప్పితిమి. మా యాసను పట్టి, "తెలుగువారా తాతా?" యని కన్నడమున నడిగెను. ఔనంటిమి. మాకు కన్నడము చదువవచ్చునని చెప్పుచున్నను వినక, పావగడవాడైన తన సహోద్యోగిని పిలిచి, మా ఫిర్యాదును తెలుగులో చదివి వినిపింపుమనెను. ఆ పిల్లవాడు తెరను చూచుచు, తడబడుచు, తప్పులతోనే, ఆ నాలుగు పేరాలను తెలుగులో చదివెను.

మేము విని, సరియని యొప్పుకొని, సంతకము చేసితిమి. సొమ్ము ఇంకను రాలేదు. 2025 అక్టోబరులో కర్ణాటక కానిస్టేబులుల పాత వంపు టోపీ పోయి నీలిరంగు క్రొత్త టోపీ వచ్చినదని పత్రికలలో చదివినపుడు, ఆ యిద్దరు పిల్లలకు అది బాగుగ నప్పియుండునని అనుకొంటిమి. టోపీ ఎవరిదైనను దానిక్రింద నుండు మనిషిని మేము గుర్తుపట్టగలము.